మా ఇంట్లో లోటేమైనా జరిగిందా

ఇంటి నుంచి,
వంటిల్లు సర్దేశాక

చిట్టీ,

క్షేమంగా చేరాను. బస్సు దిగేసరికి మీ అన్నయ్య గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నారు. వాన లేదు, మబ్బూ లేదు. "ఎందుకండీ ఇది?" అంటే, "నువ్వు లేకపోతే ఏది ఎక్కడుందో తెలియలేదు. ఇదొక్కటి కనిపించింది, తెచ్చాను" అన్నారు. ఇంటికొచ్చి చూస్తే గిన్నెలన్నీ కడిగే ఉన్నాయి గాని ఒక్కటీ తన చోట లేదు. పంచదార డబ్బాలో ఉప్పు పోసిపెట్టారు. సాయంత్రానికి అన్నిటినీ దారికి తెచ్చాను.

నీ ఉద్యోగం ధర్మమా అని నాలుగు రోజులు ఇంకొకరు వండింది కూర్చుని తిన్నాను. పెళ్ళయ్యాక ఇదే మొదటిసారి. ఆ తోట బంగళాలో గదులన్నిటి మీదా పెత్తనం మా ఆడపడుచుదే అని చెబితే పక్కింటావిడ నోరు తెరిచింది. "హోటలన్నారు, హోటలంటే ఇలా ఉంటుందా?" అంది. ఎవరో కలవారు వేసవికని కట్టుకున్న ఇల్లని, ఇప్పుడున్న పెద్దాయన దాన్ని హోటలు చేసినా ఇల్లు లాగే నడుపుతున్నారని, అతిథులందరూ ఒకే పొడుగు బల్ల దగ్గర భోంచేస్తారని చెప్పాను. చెబుతుంటే నాకే గొప్పగా అనిపించింది.

ఆ బల్ల సంగతి నీకు చెప్పనే లేదు. మొదటి రాత్రి పళ్ళెం చుట్టూ అన్ని చెంచాలు చూసి నాకు చెమటలు పట్టాయి. ఏది దేనికో తెలియక, పక్కావిడ ఏది తీస్తే నేనూ అదే తీశాను. ఆవిడది ఎడమచేతి వాటమని రెండో రోజు తెలిసింది. సూపు చాలా బాగుంది. గుడ్డలో చుట్టి తెచ్చే ఆ వేడి రొట్టెలు ఇంకా బాగున్నాయి. కాని తింటున్నంతసేపూ లోపల ఏదో గిల్లుతూనే ఉంది చిట్టీ. నా వెనకాల ఎవరో నిలబడి ఉంటారు, పళ్ళెం ఖాళీ కాగానే తీసేస్తారు. వాళ్ళు ఎప్పుడు తింటారో అనిపించేది. లేచి వెళ్ళి వంటింట్లో ఓ చెయ్యి వేస్తే గాని నా ముద్ద దిగేలా లేదు. నువ్వు కోప్పడతావని కూర్చున్నాను.

ఆఖరి రాత్రి, మర్నాడు వెళ్ళిపోయేవాళ్ళ దగ్గరికి పెద్దాయన వచ్చి, గిన్నె పట్టుకుని తనే సూపు పోస్తూ, "మా ఇంట్లో లోటేమైనా జరిగిందా?" అని అడుగుతారు కదా. నన్నూ అడిగారు. నేనూ ఒక మాట అన్నాను. బల్లంతా పగలబడి నవ్వింది. నువ్వు అప్పుడు దుప్పట్ల గదిలో ఉన్నావు. ఏమన్నానో ఎప్పుడైనా చెబుతాలే.

నా గది చూసే ఆ అమ్మాయిని అడిగానని చెప్పు. మీరంతా పిచ్చుక అంటారే, ఆ అమ్మాయిని. దాని కూతురికి గౌను కుడతానని మాటిచ్చాను. పొడుగెంతో చెప్పమంటే పిల్ల జడ రిబ్బను తెచ్చి, దానికో ముడి వేసి ఇచ్చింది. నా కుట్టుపెట్టెలో భద్రంగా ఉంది. నీలం గుడ్డ తీశాను.

నీ
వదిన

*

తోట బంగళా,
దుప్పట్ల గది

వదినా,

నీ ఉత్తరం చదివి ఎడమచేతి చెంచా దగ్గర పడి పడి నవ్వాను. అన్నయ్య ఆ గొడుగుతో ఫొటో దిగితే బాగుండేది. ఇన్నేళ్ళ కాపురంలో వాడికి ఉప్పుకీ పంచదారకీ తేడా నేర్పలేదేం? తప్పు మా అమ్మది అనకు, అమ్మ నేర్పింది. వాడు మరిచిపోయాడు.

ఇక నీ మీద కోపం. ఇంత జరిగితే నాతో ఒక్క మాట అనవా?

నువ్వు వెళ్ళిన మర్నాడు పొద్దున్నే పెద్దాయన పిలిపించారు. "నాలుగో గదికి ఎవరూ వెళ్ళలేదట. ఆవిడ నాలుగు రోజులూ తన పక్క తనే సర్దుకుందట. బల్ల దగ్గర అందరి ముందూ చెప్పింది. మన ఇంట్లో ఇది ఎప్పట్నించి పద్ధతి?" అన్నారు. నా తల తీసేసినట్టయింది. నువ్వు ఏమన్నావో వడ్డించేవాళ్ళని అడిగాను. "లోటేం లేదండీ, నా పక్క నేనే సర్దుకున్నాను, మీ హోటల్లో కూడా మా ఇల్లు మరిచిపోకుండా చూశారు" అన్నావట. అదీ మా వదిన! నా ఉద్యోగానికి మాట వస్తుందని నాకు చెప్పలేదు, కడుపులో పెట్టుకున్నావు, పెద్దాయన గుచ్చి అడిగేసరికి కూడా దాన్ని నవ్వులాటగా మార్చేశావు. ఇంకొకరైతే గొడవ చేసి పోయేవాళ్ళు.

పిచ్చుకని పిలిచి అడిగాను. అది ఏమందో తెలుసా? "మీ వదినగారే రావద్దన్నారమ్మా" అంది. ఒళ్ళు మండిపోయింది. పని ఎగ్గొట్టింది చాలక నీ మీద పెట్టింది. "మా వదిన అలా అంటే నాతో చెప్పదా? ఇంకోసారి ఆవిడ పేరెత్తావంటే ఊరుకోను" అన్నాను. అది మళ్ళీ అదే మాట. గది ఎగ్గొట్టినందుకైతే తిట్టి వదిలేసేదాన్ని వదినా, నిజం. ఆ అబద్ధానికి పంపేశాను. వెళ్ళేటప్పుడు తాళాలు బల్ల మీద పెట్టి, "ఆవిణ్ణే అడగండి" అని పోయింది. ఎంత పొగరో చూడు.

నిన్ను అడగాల్సిన పనేముంది? నువ్వు నాకు తెలియదా?

గౌను సంగతి ఇక మరిచిపో.

చిట్టి

*

ఇంటి నుంచి

చిట్టీ,

జవాబు ఆలస్యమైంది. ఏమీ అనుకోకు. వంటింటి కుళాయి కారుతోంది, బాగుచేసేవాడు రేపు రేపంటూ తిప్పాడు. చివరికి నేనే గుడ్డ చుట్టి కట్టాను. తెరలన్నీ విప్పి ఉతికాను. మీ అన్నయ్యకి కాస్త జలుబు చేసింది. అటకమీద సామాను కూడా దింపి దులిపాను. చాలా రోజుల నుంచి అనుకుంటున్నదే.

పిచ్చుక విషయం చదివి మనసు బాగోలేదు. అంతమాత్రానికే పంపేయాలా? చిన్న పిల్లని పెట్టుకుని బతుకుతున్న మనిషి. దాని వైపు కూడా ఏదో కారణం ఉండే ఉంటుంది. నాకు నిజంగా ఏ ఇబ్బందీ కలగలేదు. పెద్దాయనతో కూడా ఆ మాట చెప్పు. నా కోసమైనా మళ్ళీ ఒకసారి ఆలోచించు.

గౌను పూర్తయింది. కుట్టేశాక ఉంచుకుని ఏం చేస్తాను? ఈ పొట్లంలో పంపుతున్నాను. ఎవరిచేతనైనా ఇప్పించు. కింద మడతలో గుడ్డ ఎక్కువే వదిలాను.

ఇంకేం రాయాలో తోచడం లేదు. కుళాయి మళ్ళీ కారుతోంది.

వదిన

*

తోట బంగళా,
వాన ఆగని సాయంత్రం

వదినా,

నీది వెన్నమనసు, ఏం చేస్తాం. నీ మీద అబద్ధమాడిన మనిషి కోసం నువ్వే సిఫారసు చేస్తున్నావు. పెద్దాయనకి నీ ఉత్తరంలో ఆ వాక్యం చదివి వినిపించాను. "మీ వదినగారు పెద్దమనిషి" అన్నారు. అంతే గాని ఒకసారి పంపించాక మళ్ళీ పిలిస్తే మిగతావాళ్ళు నా మాట వింటారా? ఇప్పుడు కొత్తమ్మాయి వచ్చింది. మంచం దగ్గరికి వెళ్ళాలంటే దాన్ని తొయ్యాలి.

గౌను మన తోటమాలిచేత పంపాను. పిచ్చుక ఇప్పుడు బస్సులు ఆగే చోట ఒక కాఫీ హోటల్లో కప్పులు కడుగుతోందట. పిల్ల పక్కనే కుళాయి దగ్గర బోర్లించిన పెట్టె మీద కూర్చుని ఉంటుందట. "ఎవరు కుట్టారు?" అని అడిగిందట. చెప్పాడు. "ఆవిడకే ఇచ్చెయ్యండి, మా పిల్లకి సరిపోదు" అందట. పొట్లం కూడా విప్పకుండానే! విప్పకుండానే సరిపోదని ఎలా తెలిసిందో. తిప్పి పంపిస్తున్నాను.

ఒక సంగతి. నీ ఉత్తరాలు ఈమధ్య నీలా లేవు. అటకలు, కుళాయిలు, తెరలు! ఇదివరకు ఒక్క ఉత్తరంలో ఆ వీధంతా కనిపించేది. ఒంట్లో బాగుంటోందా? అన్నయ్య ఏమైనా అన్నాడా? అంటే చెప్పు, వచ్చి వాడి పని పడతాను.

చిట్టి

*

ఇంటి నుంచి,
మధ్యాహ్నం, మీ అన్నయ్య ఆఫీసుకి వెళ్ళాక

చిట్టీ,

ఈ ఉత్తరం కూర్చుని చదువు. ఎవరూ లేనప్పుడు చదువు.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది నా పని. నీ ఉత్తరం వచ్చినప్పుడల్లా కవరు చింపకుండా కాసేపు బల్ల మీద పెట్టి చూస్తున్నాను. వానలు వెళ్ళి చలి వచ్చింది. ఇంకా ఎన్నాళ్ళు చూస్తాను?

పిచ్చుక నీకు చెప్పింది నిజం. రావద్దన్నది నేనే.

మొదటి రోజు పొద్దున అది తలుపు తట్టేసరికి నేను పక్క సర్దేశాను, స్నానాలగది కడిగేశాను, తువ్వాళ్ళు ఆరేశాను. అది గుమ్మంలో నిలబడిపోయి, "అయ్యో అమ్మా, మరి నేనేం చెయ్యను?" అంది. "కూర్చో" అన్నాను. కూర్చోలేదు. నిలబడే మాట్లాడింది. పిల్లని పక్కింటి ముసలమ్మకి అప్పజెప్పి వస్తుందట. ఆవిడకి చూపు సరిగ్గా ఆనదు, పిల్లకి పొద్దుటి తిండి సరిగ్గా పెట్టలేదు. "మా ఇల్లు ఇక్కడికి దగ్గరే అమ్మా, తోట గోడ అవతలే" అంది. నేనేమన్నానో విను. "రేపట్నించి నా గదికి రాకు. ఆ టైములో వెళ్ళి పిల్లకి తినిపించుకుని రా. ఎవరడిగినా నేను చెబుతాను" అన్నాను.

దాని మొహం వెలిగిపోయింది. నాకు ఎంత బాగుందో! ఊరికే కూర్చుని తింటున్నానన్న బాధ కూడా కాస్త తగ్గింది. ఎవరికో ఏదో చేశానుగా అనిపించింది. మర్నాడు రిబ్బను తెచ్చి ఇచ్చింది.

ఎవరడిగినా చెబుతానన్నాను. ఎవరూ అడగలేదు చిట్టీ. నేనే చెప్పాను. ఇంకోలా చెప్పాను.

ఎందుకలా అన్నానో కూడా నీకు తెలియాలి. మొదటి రాత్రి పక్కనున్న ఎడమచేతి ఆవిడ, "మీరేం చేస్తుంటారు?" అని అడిగింది. సంగీతం పాఠాలు చెబుతుందట ఆవిడ. ఎదురుగా ఒక రిటైరైన జడ్జి. "ఇల్లు చూసుకుంటానండీ" అన్నాను. "ఓహో" అని అటు పక్కాయన వైపు తిరిగింది. అంతే. ఆ తరవాత ఎవరూ నన్నేమీ అడగలేదు. సూపు గిన్నె ఇటు జరపమని మాత్రం అడిగారు. ఆఖరి రాత్రి పెద్దాయన అందరిలో నన్ను అడిగేసరికి, నోటికొచ్చింది అనేశాను. అందరూ నా వైపు తిరిగి నవ్వారు. జడ్జిగారు చెంచా కింద పెట్టి మరీ నవ్వారు. ఆ నవ్వు నాకెంత తియ్యగా ఉందో చెప్పలేను. అప్పుడు పిచ్చుక గుర్తు రాలేదు. పెద్దాయన ఒక్కరూ నవ్వలేదు. అది చూశాను. చూసి కూడా పట్టించుకోలేదు.

కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేం అంటారు. కాని తీసుకోవడానికి నాకు నువ్వే దారి ఇచ్చావు. నీ మొదటి ఉత్తరంలో "నిన్ను అడగాల్సిన పనేముంది?" అన్నావు. అడక్కపోయినా ఆ రోజే చెప్పాలి. తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను. నీ ఉద్యోగానికి మాట వస్తుందని ఊరుకున్నానని నాకు నేను చెప్పుకున్నాను. అది కాదు. "అదీ మా వదిన" అని రాశావు చూడు, ఆ మాట పోగొట్టుకోవాలనిపించలేదు. ఆ మాట నా దగ్గరే ఉంచుకుని, పిచ్చుక అన్నం తీసేశాను.

నిన్న మీ అన్నయ్యకి చెప్పాను. ఆయన పేపరు మడిచి, "చిట్టికి రాశావా?" అన్నారు. లేదన్నాను. పేపరు మళ్ళీ విప్పుకున్నారు.

అందుకని రాస్తున్నాను.

వదిన

*

తోట బంగళా

వదినగారికి,

ఉత్తరం అందింది. మీరు అడిగినట్టు కూర్చునే చదివాను.

పిచ్చుక నా ఎదురుగా నిలబడి నిజం చెబుతుంటే, మా వదిన పేరెత్తితే ఊరుకోనని అరిచింది నేను. ఆ అరుపు మీది కాదు, నాది. మిమ్మల్ని నమ్మడానికి నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. దాన్ని నమ్మకపోవడానికీ ఆలోచించలేదు. మూడేళ్ళు నా కింద పనిచేసింది. ఒక్క తువ్వాలు తగ్గలేదు. ఆ మాట నాకు ఇప్పుడు గుర్తొస్తోంది.

ఇప్పుడు ఇంకేమీ రాయలేను. అన్నయ్యకి నమస్కారాలు.

మీ ఆడపడుచు

*

ఇంటి నుంచి

చిట్టీ,

నన్ను "మీరు" అన్నావు. నీకు జడ వేసినప్పటి నుంచి ఎప్పుడూ అనలేదు. సరే, అనాల్సిందే.

పెద్దాయనకి నేను రాయనా, నువ్వు చెబుతావా? నేను వచ్చి పిచ్చుక కాళ్ళు పట్టుకోమన్నా పట్టుకుంటాను. పట్టుకుంటే దానికి ఏం ఒరుగుతుందో తెలియదు. ఏం చేస్తే దాని పని దానికి వస్తుందో అది చెప్పు. నా మొహం సంగతి చూడకు.

వదిన

*

తోట బంగళా,
దుప్పట్ల గది

వదినా,

"మీరు" అని ఇంకో ఉత్తరం మొదలుపెట్టి చింపేశాను. చెయ్యి రావడం లేదు. కోపం పోయిందనుకోకు.

పెద్దాయనకి నేనే చెప్పాను. అంతా విని, "తప్పు మీ వదినదా, మీదా?" అన్నారు. "సగం సగం" అన్నాను. "మరి మొత్తం శిక్ష ఆ అమ్మాయికి ఎందుకు వేశారు? పిలవండి" అన్నారు. ఇన్నేళ్ళలో ఆయన నన్ను అంత మెల్లగా ఎప్పుడూ తిట్టలేదు.

ఆదివారం కాఫీ హోటలుకి వెళ్ళాను. పిచ్చుక నన్ను చూసి కూడా కప్పులు కడగడం ఆపలేదు. పిల్ల పెట్టె మీద కూర్చుని నీళ్ళలో వేళ్ళు ముంచుతోంది. "తప్పయింది, మళ్ళీ రా" అన్నాను. "ఆవిడ చెప్పిందా?" అంది. "రాసింది" అన్నాను. "ఇన్నాళ్ళకా!" అంది.

"ఒక మాట చెప్పనా అమ్మా" అంది తరవాత. "రెండో రోజు వెళ్ళి తలుపు తట్టి చూశాను. పక్క సర్దే ఉంది. మూడో రోజు తలుపు కూడా తట్టలేదు. నాలుగో రోజు పిల్లకి పెట్టి, అక్కడే దాని పక్కన ఓ కునుకు తీశాను. అది నా తప్పే. మీరు దానికి తిడితే పడేదాన్ని. అబద్ధాలకోరు అన్నారు చూడండి, అది పడలేకపోయాను."

"ఇప్పుడు రావే" అన్నాను. రానంది. పని వద్దని కాదట. "ఆవిడ బల్ల దగ్గర అందర్నీ నవ్వించింది. వడ్డించేవాళ్ళూ నవ్వారు. మర్నాటికి వంటింటి దాకా పాకింది, 'పిచ్చుక ఎగిరిపోయింది, అతిథి ఊడ్చుకుంది' అని. నేను మళ్ళీ వాళ్ళ మధ్య తిరగాలి. ఎక్కడ అందో అక్కడే చెప్పమనండి. ఉత్తరాల్లో చెబితే నాకేం వినిపిస్తుంది?" అంది.

పెద్దాయనతో మాట్లాడాను. చలి తగ్గాక రా. నాలుగో గదే ఉంచుతాను. ఆ వారం నేనుండను, కొత్త దుప్పట్లు ఎంచడానికి మిల్లుకి వెళుతున్నాను. కావాలనే వెళుతున్నాను. నేనుంటే నువ్వు నా మొహం చూసి మాట్లాడతావు. ఆ బల్ల దగ్గర నీకు తెలిసినవాళ్ళెవరూ ఉండకూడదు.

ఇంకో సంగతి. అది తిరిగి రాకపోతే పెద్దాయన ఎవరినో చూసుకుంటారు, నేనూ ఎవరినో చూసుకుంటాను. ఆ తల్లీకూతుళ్ళకి మాత్రం ఆ కాఫీ హోటలు కుళాయే. నువ్వు రాకపోతే అంతే.

చిట్టి

*

తోట బంగళా,
నాలుగో గది, ఉదయం

చిట్టీ,

నువ్వు మిల్లు నుంచి వచ్చేసరికి నేను వెళ్ళిపోతాను. ఈ ఉత్తరం నీ దుప్పట్ల గదిలో బల్ల మీద పెట్టిస్తాను.

రాత్రి భోజనం ముందు మెట్లు దిగలేకపోయాను. కడుపు నొప్పి అని చెప్పి గదిలోనే ఉండిపోదామనుకున్నాను. కాని కిందికి దిగాను. ఈసారి చెంచాలు నాకు తెలుసు. పాతవాళ్ళు ఒక్కరూ లేరు. ఒక పక్క ముసలి భార్యాభర్తలు. ఇంకో పక్క చిన్న పాపతో వచ్చిన దంపతులు. నన్నేమీ అడగలేదు. ఈసారి అడక్కపోతేనే బాగుందనిపించింది.

పెద్దాయన గిన్నె తీసుకుని, ఈ రోజు వెళ్ళిపోయేవాళ్ళలో ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చారు. అందరూ "లోటేమిటండీ, స్వర్గంలా ఉంది" అన్నారు. నా దగ్గరికి వచ్చి, నా గిన్నెలో సూపు పోసి, మామూలుగానే అడిగారు. "మా ఇంట్లో లోటేమైనా జరిగిందా?"

లేచి నిలబడ్డాను. కూర్చుని చెప్పొచ్చని అప్పుడు తోచలేదు. కుర్చీ కీచుమంది.

"పోయినసారి వచ్చినప్పుడు లోటు జరిగిందండీ. చేసింది నేను. నా గది చూసే అమ్మాయిని రావద్దని నేనే చెప్పి, ఇదే బల్ల దగ్గర ఆ అమ్మాయి రాలేదన్నట్టు మాట్లాడి అందర్నీ నవ్వించాను. ఆ అమ్మాయి నిజం చెబితే ఎవరూ నమ్మలేదు. నేను నమ్మించలేదు" అన్నాను.

ఎవరూ నవ్వలేదు. వాళ్ళకేం తెలుసు పాపం! ఎవరో ఏదో చెబుతోందని చూశారు. ముసలాయన రొట్టె సగం తుంచి ఆగిపోయాడు. ఆ పాప, "అమ్మా, ఆవిడ ఎందుకు నిలబడింది?" అంది. వాళ్ళమ్మ ఉష్ అంది. రొట్టెల బుట్ట పట్టుకున్న పెద్దమనిషి, నువ్వు మీసాలాయన అంటావే, ఆయన గోడ దగ్గర కదలకుండా నిలబడి నా వైపే చూశాడు. పోయినసారి అందరికంటే గట్టిగా నవ్వింది ఆయనే.

పెద్దాయన, "మంచిది, కూర్చోండి. సూపు చల్లారిపోతుంది" అన్నారు. పక్కావిడ దగ్గరికి వెళ్ళారు. అంతే చిట్టీ. అంత నవ్వు నవ్వించిన మాటని వెనక్కి తీసుకుంటే అంత చిన్నగా అయింది. సూపు మొత్తం తాగాను. రుచి తెలియలేదు.

పొద్దున లేచాక అసలు కష్టం మొదలైంది. దుప్పటి ఒక పక్కకి జారి ఉంది. దిండు గోడవైపు పోయింది. చేతులు వాటంతటవే వెళుతున్నాయి. వెళ్ళి కిటికీ దగ్గర కుర్చీలో కూర్చున్నాను. కూర్చుని అటు చూడకుండా తోట చూశాను. ఎంతసేపు చూశానో నన్నడగకు.

తలుపు తట్టిన చప్పుడైంది. పిచ్చుకే. మీసాలాయన రాత్రే వాళ్ళింటికి వెళ్ళి చెప్పాడట. సన్నబడింది. నమస్కారం లేదు, పలకరింపు లేదు. మంచం చూసింది.

"హమ్మయ్య, ఇప్పుడు మనుషులు పడుకున్న మంచంలా ఉందమ్మా" అంది.

"లేవనా?" అన్నాను.

"అక్కడే కూర్చోండి. మధ్యలో లేచారంటే మళ్ళీ కప్పులు కడగడానికి పోతాను."

కూర్చున్నాను. దుప్పటి దులిపింది, పరిచింది, లాగింది. ఒక మూల సరిగ్గా మడవలేదు. నా నాలుక కొసదాకా వచ్చింది. మింగేశాను.

"ఆ మూల బాగోలేదు కదూ?" అంది, అటు తిరిగే.

"బాగానే ఉంది."

"లేదు. మీరేమంటారో చూద్దామని కావాలనే వదిలాను" అని సరిచేసింది. ఒక్కసారి నవ్వు వచ్చింది దానికి, ఆపుకుంది. నాకూ వచ్చింది. నేనూ ఆపుకున్నాను. మేమిద్దరం కలిసి నవ్వుకునే రోజు కాదది.

గౌను తీసి చూపించాను. పిల్ల కొలత అడిగాను. "ఆ రిబ్బను ఎండల్లో ఇచ్చాను. ఇప్పుడు చలి కూడా వెళ్ళిపోతోంది. పిల్లలు మన కోసం ఆగుతారా అమ్మా?" అంది. గౌను పొట్టిదవుతుందన్న మాట. విప్పకుండానే దానికెలా తెలిసిందో నాకిప్పుడు తెలిసింది. కింద మడతలో గుడ్డ వదిలానని చెప్పి, దాని ఎదురుగానే కుట్లు విప్పాను. రెండు వేళ్ళ వెడల్పు దిగింది. కాని పాత మడత గీత అడ్డంగా అలాగే ఉంది. ఇస్త్రీపెట్టె తెప్పించి రుద్దినా పోలేదు.

"పర్లేదమ్మా" అంటుందేమోనని చూశాను. అనలేదు. గౌను మడిచి చంకలో పెట్టుకుని, తువ్వాళ్ళు మార్చి, తలుపు దగ్గరగా వేసి వెళ్ళింది.

ఇప్పుడు ఆ సర్దిన మంచం ఎదురుగా కూర్చుని నీకు రాస్తున్నాను. బాగా సర్దింది. నాకంటే బాగా అని రాయడానికి చెయ్యి రావడం లేదు, అంచేత నా అంత బాగా అని రాస్తున్నాను. ఇక నువ్వు నన్ను ఏమని పిలిచినా పలుకుతాను.

వదిన

*

తోట బంగళా,
దుప్పట్ల గది

వదినా,

నీ ఉత్తరం బల్ల మీద ఉంది. దాని మీద నాలుగో గది తాళంచెవి పెట్టి ఉంది. పెట్టింది పిచ్చుకే. తనే రోజూ వస్తోంది. నాతో పని మాటలు మాట్లాడుతోంది, పిచ్చుకలా కిచకిచలాడటం ఇంకా మొదలుపెట్టలేదు. నేను తొందరపెట్టడం లేదు. మీసాలాయన మాత్రం రోజూ ఒక వేడి రొట్టె గుడ్డలో చుట్టి దాని చేతికిస్తున్నాడు.

పొద్దున తినే టైములో దాని కూతుర్ని వంటింటి వెనక వరండాలోకి తెచ్చుకోమన్నాను. పెద్దాయన చూశారు, చూడనట్టు వెళ్ళిపోయారు.

నిన్న పిల్ల నీలం గౌను వేసుకొచ్చింది. పొడుగు సరిపోయింది. నువ్వు చెప్పిన గీత మాత్రం మోకాలి కింద చక్కగా కనిపిస్తోంది. పిచ్చుక దాన్ని వేలితో చూపించి, "ఇక్కడ తెల్ల లేసు నేనే కుట్టుకుంటాను. మీ వదినగారికి మాత్రం చెప్పకండమ్మా. చెబితే ఆవిడే కుట్టి పంపించేస్తుంది" అంది.

చెప్పొద్దంది. అందుకే చెబుతున్నాను. నువ్వు సూది ముట్టుకోకు.

నీ
చిట్టి